ఆ నూనె సీసా పక్కన పెట్టండి

ప్రశ్న: మా అన్నయ్య జపాన్ నుంచి మూడు బొమ్మలు తెచ్చాడు. చెక్క బొమ్మకి కాళ్లూ చేతులూ లేవు, తల తిప్పితే కిర్రుమంటోంది. ఎర్ర ఎద్దు తల ముట్టుకుంటే చాలు, ఊగిపోతోంది. ఇంకో గుండ్రటి బొమ్మకి కనుపాపలే లేవు. మూడూ డిఫెక్ట్ పీసులేనా? చెక్కదాని మెడలో చుక్క నూనె వేయనా?

జవాబు: వద్దండీ బాబూ, నూనె వేశారంటే ఉన్న అందం కాస్తా పోతుంది! అది కోకేషి, తల తిప్పితే కిర్రుమనే రకం మియాగి జిల్లాలోని నరుకోది. జపాన్ ఈశాన్యంలో వేడినీటి బుగ్గలున్న ఊళ్లలో, ఎడో అనే చరిత్ర యుగం చివర్లో, అంటే 19వ శతాబ్దంలో, గిన్నెలూ పళ్లేలూ చేసే చెక్కపనివాళ్లు స్నానాలకొచ్చే జనానికి అమ్మడానికి వీటిని మొదలుపెట్టారు. లేత్ మీద తిరిగే చెక్కని ఉలితో చెక్కితే వచ్చేది గుండ్రటి ఆకారమే, ఇంక కాళ్లూ చేతులూ ఎక్కణ్ణుంచి వస్తాయి?

ఆ కిర్రు సంగతి చెప్పాలి. చెక్కని నెలల తరబడి ఆరబెడతారు. మెడని ఒంట్లోని గుంతకంటే ఓ పిసరు లావుగా ఉంచి, ఒళ్లు లేత్ మీద గిర్రున తిరుగుతుండగా తలని గట్టిగా నొక్కుతారు. రాపిడికి చెక్క వేడెక్కి మెడ లోపలికి దిగుతుంది, ఆ తర్వాత ఊడిరాదు, తిప్పితే మాత్రం తిరుగుతుంది, అరుస్తుంది. నాకైతే ముఖంకంటే ఆ మెడలోనే ఎక్కువ పనితనం కనిపిస్తుంది. తడిగుడ్డతో మాత్రం తుడవకండి, రంగు కారుతుంది. ఎండలో పెడితే వెలిసిపోతుంది.

కనుపాపలు లేనిది దరుమా, బౌద్ధ గురువు బోధిధర్ముడి బొమ్మ. గున్మా జిల్లాలోని తకసాకి వీటికి పేరుపడ్డ ఊరు. ఏదన్నా అనుకుని ఒక కన్ను మీరే దిద్దాలి, అనుకున్నది జరిగాక రెండోది. అడుగున బరువుంటుంది కాబట్టి తోస్తే పడి మళ్లీ లేస్తుంది. తకసాకిదైతే కనుబొమలు కొంగల్లా, మీసాలు తాబేళ్లలా వేస్తారు, ఓసారి దగ్గరగా చూడండి.

ఎద్దు అకాబెకో, ఫుకుషిమాలోని ఐజుది. కాగితం పొరలు అతికించి చేసి రంగేస్తారు. ఎరుపు మశూచిని దూరం పెడుతుందని నమ్మేవారు, ఒంటిమీది నల్ల మచ్చలు కూడా ఆ జబ్బు మచ్చలేనంటారు. తల లోపల దారానికి వేలాడుతుంది, అందుకే ఆ ఊపు. ఊగడం ఆగితే మాత్రం అప్పుడు టెన్షన్ పడండి, దారం తెగి ఉంటుంది.