నాన్నగారి అంబాసిడర్ ఉంచుకోవాలా, విప్పి పార్టులు అమ్మేయాలా?

ప్రశ్న: లాయర్ గారూ నమస్తే అండి. మాది మలికిపురం దగ్గర ఊరు. మా నాన్నగారు 2004 ఆగస్టులో కొత్తది కొన్న డీజిల్ అంబాసిడర్ ఇంటి పక్క రేకుల షెడ్డులో ఉంది. 2019లో ఆయనే అయిదేళ్ళకి రెన్యువల్ చేయించారు, 2022లో కాలం చేశారు. సి బుక్ ఇంకా ఆయన పేరు మీదే ఉంది, గడువు పోయి ఏడాదిన్నర. ఇన్సూరెన్సు లేదు. పాలకొల్లు నుంచి ఒక తుక్కు వ్యాపారి వచ్చి సి బుక్‌తో సహా 28 వేలు ఇస్తానంటున్నాడు. రొయ్యల చెరువులాయన ఇంజన్ ఒక్కటీ నీళ్ళ మోటారుకి 15 వేలకి అడుగుతున్నాడు, అలా విడివిడిగా విప్పి అమ్మితే ఎక్కువ వచ్చేలా ఉంది. హైదరాబాద్‌లో ఉన్న అన్నయ్య అమ్మేయమంటాడు, భీమవరంలో ఇచ్చిన అక్క నాన్న బండి ముట్టుకోవద్దని ఏడుస్తోంది. పదిహేనేళ్ళు దాటిన బండి ఉంచుకుంటే కేసంటున్నారు, నిజమేనా? వింటేజ్ కింద పెట్టొచ్చా?

జవాబు: ముందు ఒక్కటి చెప్తానండి, ఆ తుక్కాయన దగ్గర అడ్వాన్సు తీసుకుని ఉంటే ఇవాళే వెనక్కిచ్చేయండి, సి బుక్ మాత్రం ఎవరి చేతికీ ఇవ్వద్దు, బండి మీద ఒక్క నట్టు కూడా విప్పనివ్వద్దు. మిగతాదంతా నిదానంగా మాట్లాడుకోవచ్చు.

పదిహేనేళ్ళు దాటితే ఉంచుకోకూడదన్న మాట ఢిల్లీ నుంచి వచ్చింది. అక్కడ ఢిల్లీ, చుట్టుపక్కల ప్రాంతంలో డీజిల్‌కి పదేళ్ళు, పెట్రోల్‌కి పదిహేనేళ్ళు అని గ్రీన్ ట్రిబ్యునల్ పెట్టింది, 2018లో సుప్రీంకోర్టు కూడా సరే అంది. అది అక్కడికే. మన కోనసీమలో సొంత కారు పదిహేనేళ్ళ తర్వాత అయిదేసి ఏళ్ళకి రెన్యువల్ చేయించుకుంటూ తిప్పుకోవచ్చు, మోటారు వాహనాల చట్టం 41వ సెక్షన్ చెప్పేది అదే, మీ నాన్నగారు 2019లో చేసింది కూడా అదే. పదిహేనేళ్ళకి రెన్యువల్ ఆపేసింది ప్రభుత్వ బళ్ళకి, 2023 ఏప్రిల్ నుంచి. ఇక వింటేజ్ అంటే యాభై ఏళ్ళు దాటాలి, మీది ఇంకా పసిపిల్ల.

అసలు చిక్కు వేరే ఉంది. ఆ బండి ఇప్పుడు ఎవరిది? మీరు మీ ఇంట్లో ఉంది కాబట్టి మీది అనుకుంటున్నారు, అన్నయ్య మగపిల్లలిద్దరిదీ అనుకుంటున్నారు. వీలునామా లేదనుకుంటే హిందూ వారసత్వ చట్టం ప్రకారం అది మీ అమ్మగారిది, మీ ఇద్దరిది, మీ అక్కగారిది, నలుగురికీ సమాన వాటాలు. ఆయన పోయిన రోజుకి మీ నాయనమ్మగారు బతికుంటే ఆవిడకీ ఒక వాటా, ఇది చాలామంది మర్చిపోతారు. పెళ్ళి చేసి పంపిన ఆడపిల్లకి 2005 తర్వాతేగా హక్కు వచ్చింది అని అడుగుతుంటారు, ఆ సవరణ ఉమ్మడి ఆస్తి గురించి, నాన్న స్వార్జితంలో కూతురి వాటా 1956 నుంచీ ఉంది. కాబట్టి అక్కగారు ఒప్పుకోకుండా మీరు ఇంజన్ అమ్మితే ఆవిడ వాటా కూడా అమ్మినట్టే. ఆవిడ కోర్టుకి వెళ్తుందని కాదు, వెళ్తే మీ దగ్గర జవాబు లేదని చెప్తున్నాను.

ఇప్పుడు ఆ 28 వేల సంగతి. తుక్కు బండికి సి బుక్ ఎందుకండీ అతనికి? ఇనుము కరిగించేవాడికి పుస్తకంతో పనేముంది? అందరూ అలాంటివాళ్ళని అనను గానీ, ఎక్కడో దొంగిలించిన బండికి ఇలాంటి పాత సి బుక్, పాత చాసిస్ నంబరు అతికించి తిప్పడం ఈ దేశంలో ఎప్పట్నుంచో ఉన్న వ్యాపారం. రేపు ఏ హైవే మీదో ఆ నంబరుతో యాక్సిడెంట్ అయితే పోలీసులు సి బుక్‌లో ఉన్న అడ్రసుకే వస్తారు. నా దగ్గరికి వచ్చిన ఒక పెద్దాయన సంగతి చెప్తాను, రావులపాలెంలో తెల్ల కాగితం మీద డెలివరీ నోటు రాయించుకుని కారు అమ్మేశాడు, పేరు మార్పించలేదు, అది ఇద్దరి చేతులు మారింది, రెండేళ్ళకి మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ నుంచి నోటీసు వచ్చింది, ఇన్సూరెన్సు లేని బండి గుద్ది మనిషి పోయాడు, పరిహారం కట్టమని. ఆ నోటీసు మడతలు పెట్టి పెట్టి చిరిగిపోయింది, దాన్ని చొక్కా జేబులోంచి తీస్తుంటే ఆయన చెయ్యి వణకడం నాకు ఇంకా గుర్తుంది. అమ్మేశానండి అన్నాడు. కానీ 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది, బండి ఎన్ని చేతులు మారినా రికార్డులో ఎవరి పేరుంటే చట్టానికి వాళ్ళే ఓనరు అని. మీ విషయంలో రికార్డులో ఉన్నాయన లేరు, అప్పుడు ఆయన ఆస్తి అందుకున్న మిమ్మల్ని అడుగుతారు.

విప్పి పార్టులు అమ్మడం అంటారా. అంబాసిడర్ తయారుచేసే ఉత్తరపారా ఫ్యాక్టరీ 2014 మేలో ఆగిపోయింది, కొత్త బండి రాదు, అందుకే గేరు బాక్సుకి, డోర్లకి, గ్రిల్లుకి ఇంకా అడిగేవాళ్ళున్నారు, విడివిడిగా ఎక్కువ వస్తుందన్న మీ లెక్క తప్పు కాదు. కానీ బండి ఇక పనికిరాదని విప్పేస్తే 55వ సెక్షన్ ప్రకారం 14 రోజుల్లో ఆర్టీఓకి చెప్పి సి బుక్ అప్పజెప్పి రిజిస్ట్రేషన్ రద్దు చేయించాలి. దానికి తోడు 2025 ఏప్రిల్ నుంచి కాలం తీరిన వాహనాల మీద పర్యావరణ నిబంధనలు వచ్చాయి, రిజిస్ట్రేషన్ చెల్లుబాటులో లేని బండి, ఓనరే ఇది తుక్కు అని చెప్పిన బండి, రెండూ అందులోకి వస్తాయి, అలాంటిదాన్ని 180 రోజుల్లో కంపెనీ కలెక్షన్ సెంటర్‌కో గుర్తింపు ఉన్న స్క్రాపింగ్ సెంటర్‌కో అప్పగించాలి. ట్రాక్టర్లకి, వరికోత మిషన్లకి ఇది వర్తించదు, కార్లకి వర్తిస్తుంది. అంటే కొబ్బరి చెట్టు కింద గ్యాస్ కట్టరు పెట్టి కోసి, ఆయిలు బోదెలోకి వదిలేసే పని ఇక కుదరదండి, ఆ బోదె నీళ్ళేగా చేలోకి వెళ్ళేది. మీరు పెట్టించుకున్న టేపురికార్డరు, పైన క్యారియరు లాంటివి తీసుకోండి, ఇంజన్, చాసిస్ మాత్రం నంబర్లున్న వస్తువులు, వాటిని విడిగా అమ్మొద్దని నా సలహా. చెరువు దగ్గర తిరిగే ఇంజన్ రేపు ఎక్కడ తేలుతుందో మీకు తెలీదు.

గుర్తింపు సెంటర్‌కి ఇస్తే వాళ్ళు బండి దొంగ బళ్ళ రికార్డులో లేదని చూసుకుని డిపాజిట్ సర్టిఫికెట్ ఇస్తారు, కోసిన తర్వాత తుక్కు చేసినట్టు ఇంకో సర్టిఫికెట్ ఇస్తారు. ఈ రెండో కాగితం మీకు ఇనుము డబ్బు కంటే విలువైనది, ఆ నంబరుతో ఇక ఎవడేం చేసినా మీ మీదకి రాదు. డిపాజిట్ సర్టిఫికెట్ చూపించి కొత్త సొంత కారు కొంటే రిజిస్ట్రేషన్ ఫీజు ఉండదు, లైఫ్ టాక్సులో 25 శాతం వరకు తగ్గించొచ్చని కేంద్రం నిబంధన, ఎంత తగ్గిస్తారన్నది కారు రిజిస్టర్ చేసే రాష్ట్రం జీవోని బట్టి. అన్నయ్యకి కొత్త కారు ఆలోచన ఉంటే ఇది ఆయనకి చెప్పండి.

ఉంచుకోవాలంటే మాత్రం రెన్యువల్ చేయించి రిజిస్ట్రేషన్ మళ్ళీ చెల్లుబాటులోకి తెచ్చుకోవాలి. దానికి ఖర్చు ఎంత అంటే, ఇరవై ఏళ్ళు దాటిన కారుకి రెన్యువల్ ఫీజు 2025 ఆగస్టులో 10 వేలు చేశారు, లేటుకి నెలకి 500, అంటే పద్దెనిమిది నెలలకి 9 వేలు, దాని మీద గ్రీన్ టాక్సు, థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు. రిపేరు వేరే. ముందు పేరు మారాలి. తహసీల్దారు ఆఫీసు నుంచి ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, డెత్ సర్టిఫికెట్, మిగతా వారసుల నో అబ్జెక్షన్ అఫిడవిట్లు పెట్టి ఫారం 31 ఇవ్వాలి. మూడు నెలల్లో చేయాల్సింది, మీకు నాలుగేళ్ళు కావస్తోంది, పెనాల్టీ పడుతుంది కానీ పని ఆగదు. మీరు తుక్కుకి ఇచ్చినా ఈ వారసుల కాగితాలు ఎలాగూ కావాలి, అందుకే నిర్ణయం తర్వాత తీసుకున్నా పర్లేదు, ఈ కాగితాల పని రేపే మొదలుపెట్టండి. అవి అయ్యేదాకా బండి షెడ్డులోనే ఉండాలి, రోడ్డెక్కితే ఇన్సూరెన్సు లేనందుకు 2 వేలు, రిజిస్ట్రేషన్ లేనందుకు 2 వేల నుంచి 5 వేల దాకా ఫైను.

నా అభిప్రాయం అడిగితే, అది బండి అడుగు భాగం చెప్పాలి, నేనూ కాదు మీ అన్నయ్యా కాదు. మన దగ్గర సముద్రపు గాలికి ఇనుము లోపల్నుంచి తినేస్తుంది, పైన పెయింటు నిగనిగలాడుతూనే ఉంటుంది. మంచి మెకానిక్‌ని తీసుకొచ్చి డోర్ల కింద గుమ్మాలు, ముందు సస్పెన్షన్ పట్టుకునే చోటు స్క్రూడ్రైవరుతో గట్టిగా పొడిచి చూడమనండి. దిగిపోతే దాని మీద పాతిక వేలు పెట్టొద్దు, అక్కగారికి స్టీరింగో నాన్నగారు కూర్చున్న సీటో ఇచ్చి, బండిని పద్ధతిగా సెంటర్‌కి పంపండి, ఆవిడ ఏడుపు కారు కోసం కాదుగా. గట్టిగా ఉంటే మాత్రం ఉంచుకోండి, మీ అమ్మగారి పేరు మీద పెట్టించండి, నలుగురి మధ్యా గొడవ ఉండదు.

ఆ మెకానిక్ వచ్చినప్పుడే ఇంకో పని. బానెట్ ఎత్తి చాసిస్ నంబరు ఎక్కడుందో చూపించమని, కిరసనాయిలు గుడ్డతో మెల్లగా తుడిచి, తెల్ల కాగితం పెట్టి పెన్సిలు అడ్డంగా రుద్దండి. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారు అడిగేది ఆ అచ్చే. ఎమరీ కాగితం, గ్రైండరు పెట్టనివ్వద్దు, ఒక్క అంకె అరిగినా నంబరు దిద్దారన్న అనుమానం వస్తుంది. తుప్పుకి అంకెలు పోయి ఉంటే అలాగే వదిలేసి ఫోటో తీసుకుని, నంబరు మళ్ళీ కొట్టించడానికి అనుమతి ఇమ్మని ఆర్టీఓకి అర్జీ పెట్టుకోవాలి. అచ్చు బాగా వస్తే రెండు కాపీలు తీసి ఒకటి సి బుక్‌లో పెట్టి, రెండోది అక్కగారికి పంపండి.