నాలుగు రెడ్ ఇంక్ ఎంట్రీలతో ఇంటికి పంపారు, మళ్లీ అవకాశం ఉందా? – సమాధానం

ఆర్మీలో ఉన్న తమ్ముణ్ణి ఇంటికి పంపేశారు, మళ్లీ అవకాశం ఉందా అని అడిగారు. రెడ్ ఇంక్ ఎంట్రీ అంటే పడ్డ శిక్షను సర్వీసు రికార్డులో ఎర్ర సిరాతో రాయడం. తాగుడు మీద పడ్డ అలాంటి నాలుగు ఎంట్రీలు చూపించి మీ తమ్ముణ్ణి ఆర్మీ రూల్ 13 కింద డిశ్చార్జ్ చేసినట్టున్నారు, అంటే సర్వీసు నుంచి పంపేశారు. అన్నా, ఆర్డర్ ఒకసారి చూడండి, ‘డిస్మిస్’ (శిక్షగా తీసెయ్యడం) అని ఉంటే దారి వేరు.

నాలుగు పడగానే పంపెయ్యాలన్న రూలు లేదు. ముందు ప్రాథమిక విచారణ జరగాలి. ఎన్నేళ్లు చేశాడు, ఎంత కష్టమైన చోట్ల చేశాడు అన్నదీ చూడాలి. 2015లో వీరేంద్ర కుమార్ దూబే కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. చాలామంది ఎంట్రీల మీదే కొట్లాడతారు, ఈ విచారణ జరిగిందా అని అడగరు. మీరు అక్కడే పట్టుకోండి.

1. షోకాజ్ నోటీసు, దానికి తను ఇచ్చిన జవాబు, విచారణ కాగితాలు, డిశ్చార్జ్ ఆర్డర్: కాపీల కోసం రికార్డ్ ఆఫీసుకు రాయండి. రాయడం రాకపోతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి.

2. పై అధికారులకు అప్పీలు పెట్టండి.

3. జవాబు వచ్చాక ఆరు నెలల్లో సాయుధ దళాల ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. ఆలస్యమైతే సరైన కారణం రాయండి, మన్నించే అధికారం వాళ్లకుంది.

4. ఎంజీఎం ఆసుపత్రిలో సైకియాట్రీ (మానసిక వైద్యం) ఓపీకి ఈ వారమే తీసుకెళ్లండి. కేసు కోసం కాదు, ముందు పిల్లగాడు కోలుకోవాలి.