సంక్రాంతి సెలవుల్లో ఆరుగురం ఫ్రెండ్స్ వైజాగ్ నుంచి సముద్రం లోపలికి ఫిషింగ్‌కి వెళ్దామనుకుంటున్నాం, ఎవరికీ అనుభవం లేదు, బోటు ఎలా మాట్లాడుకోవాలి?

మీ ప్రశ్న చూడగానే నవ్వొచ్చిందండీ, ఏమనుకోకండి, ఎందుకంటే మేం కూడా అచ్చం ఇలాగే ఆరుగురం, ఒక్కడికీ ఏమీ రాదు, మాలో ఎక్స్‌పర్ట్ ఎవడంటే చిన్నప్పుడు చోడవరం దగ్గర వాళ్ళ తాతగారి ఊరి చెరువులో గేలం వేసినవాడు. నేను ఇప్పటికి వెళ్ళింది రెండే రెండు సార్లు, మొదటిది నాశనం, రెండోది ఇప్పటికీ చెప్పుకుంటాం. ఆ రెండూ చెప్తాను, బోటు ఎలా మాట్లాడాలో అందులోనే వచ్చేస్తుంది.

మొదటిసారి నవంబర్ ఆఖర్లో వెళ్ళాం. ఆఫీసులో ఒకతనికి తెలిసిన వాళ్ళకి తెలిసిన బోటు, ఫోన్లోనే బేరం అయిపోయింది. అటునుంచి ఆయన అన్న మాట నాకిప్పటికీ గుర్తే, "ఎప్పుడైనా రండి సార్, ఎంత గాలున్నా తీసుకెళ్తాం, చేప గ్యారంటీ". మేం ఎగిరి గంతేశాం. అసలు ఆ ఒక్క మాటకే ఫోన్ పెట్టేయాల్సింది, అది అప్పుడు తెలీలేదు. రోజంతా ట్రిప్పు, డబ్బులు మొత్తం ముందే ఫోన్‌పే. తెల్లారి బీచ్‌కి వెళ్తే ఇసకలో ఒక ఫైబర్ బోటు, ఒకటే మోటారు, నీడ లేదు, బాత్రూం అన్న ప్రసక్తే లేదు. మేం ఆరుగురం, వాళ్ళిద్దరు, మొత్తం ఎనిమిది మందికి లైఫ్ జాకెట్లు మూడు, అందులో ఒకటి మోటారు దగ్గర కూర్చునే ఆయన కిందేసుకున్నాడు మెత్తగా ఉంటుందని. ఒడ్డు మీద అలలు దాటుతుండగానే మొదటి అల నెత్తిమీద పడింది, టిఫిన్ బాక్సులు, ఫోన్లు, టవళ్ళు అన్నీ తడిసి ముద్ద. సరేలే ఇదీ ఒక అనుభవమే అనుకున్నాం, తొమ్మిదిన్నర అయ్యేసరికి గాలి పెరిగింది, ఇక చూస్కోండి, బోటు ఒక పక్కకి ఒరిగి లేచేసరికి కడుపులో ఇడ్లీ కూడా లేచేది. ఆరుగురిలో నలుగురు ఔట్. రాత్రి మందు కొట్టి పడుకున్నవాడైతే పదకొండింటికి "నన్ను ఇక్కడే దింపేయండ్రా" అన్నాడు, నడి సముద్రంలో! పైగా మధ్యలో మోటారు ఆగిపోయి ఇరవై నిమిషాలు అలా కొట్టుకుపోయాం, ఆ ఇరవై నిమిషాలూ ఎవడూ జోకులు వేయలేదు.

గ్యారంటీ చేప సంగతి వినండి. తిరిగొస్తుంటే ఆయన దారిలో ఇంకో బోటుని కేకేసి ఆపి, వాళ్ళ దగ్గర మూడు కేజీల వంజరం ఒకటి తీసుకుని మా చేతిలో పెట్టి ఫోటో తీయించాడు, ఒడ్డుకొచ్చాక దానికి వేరేగా డబ్బులు కట్టించుకున్నాడు. ఆ ఫోటో మావాడొకడి వాట్సాప్ డీపీగా ఏడాది ఉంది.

ఇక రెండోసారి. ఈసారి మా ఫ్రెండ్ వాళ్ళ నాన్నగారు పట్టించుకున్నారు. ముందు బోటు గురించి కాదురా, నడిపేవాడి గురించి అడగండి అన్నారు. అలా ఒక పెద్దాయన దొరికాడు, ముప్పై ఏళ్ళు మరబోటు మీద సరంగుగా చేసి, ఇప్పుడు టూరిస్టుల్ని తిప్పడానికి లైసెన్సున్న బోటు నడుపుతున్నాడు. ఫోన్లో మాట్లాడకుండా ఒకరోజు పొద్దున్నే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళి కలిశాం. ఆ టైములో హార్బర్ చూడాలండీ, వేలంపాట అరుపులు, ఐసు దిమ్మలు మిషన్లో పడి పిండయ్యే మోత, తట్టలు పట్టుకుని తోసుకుపోయే ఆడాళ్ళు, మనం అడ్డంగా నిలబడితే "తప్పుకో బాబూ" అని మోచేత్తో ఒక్కటి ఇస్తారు. టీ తాగుతూ ఆయన్ని మేం అడిగిన మొదటి ప్రశ్న, "తాతా, మీరు ఏ రోజు వెళ్ళరు?" ఆయన గ్లాసు కింద పెట్టి చూశాడు, ఈ ప్రశ్న ఎవరూ అడగరనుకుంటా. "పొద్దున్నే లేసి నీరు సూత్తాను, నాకు నచ్చకపోతే ఎల్లను, మీరు హైదరాబాదు నుంచొచ్చినా ఎల్లను, డబ్బులు తిరిగిచ్చెత్తాను" అన్నాడు. అన్నట్టే ఒకసారి క్యాన్సిల్ చేశాడు కూడా, ఫిబ్రవరి మొదటి వారం మాకు ఎండ కాస్తున్నా సరే వద్దన్నాడు, మావాళ్ళు తిట్టుకున్నారు. తర్వాతి ఆదివారం తీసుకెళ్ళాడు.

అందుకే మీరు ఫోన్ చేసిన ప్రతి ఒక్కరినీ ఈ ప్రశ్న అడగండి, ఏ వాతావరణంలో వెళ్ళరు, క్యాన్సిల్ చేస్తే నా డబ్బు ఏమవుతుంది. ఎంత గాలున్నా వెళ్దాం అన్నవాడిని వదిలేయండి. వాతావరణం వల్ల సరంగు ఆపేస్తే డబ్బు వాపసు లేదా వేరే తేదీ, మనం మానేస్తే అడ్వాన్స్ పోతుంది, ఇది న్యాయమైన లెక్క, దాన్ని వాట్సాప్‌లో రాతపూర్వకంగా తీసుకోండి. మీరు కూడా ముందు రోజు రాత్రి ఇన్‌కాయిస్ వాళ్ళ సైట్ చూడండి, హైదరాబాద్ ప్రగతినగర్‌లో ఉంటుంది ఆ ఆఫీసు, సముద్రం లేని ఊర్లో కూర్చుని మనకి అలల ఎత్తు, గాలి వేగం చెప్తారు, చేపలు ఎక్కడ దొరికే అవకాశం ఉందో కూడా మత్స్యకారులకి సమాచారం ఇస్తారు. వాయుగుండం వార్త ఉంటే ఇక ఆలోచించొద్దు, 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను చూసిన ఊరు మాది, ఎవరూ హీరోయిజం చూపించరు.

లైసెన్స్ సంగతి చాలామంది పట్టించుకోరు. చేపల వేటకి రిజిస్టరైన బోటు వేరు, ప్యాసింజర్లని ఎక్కించుకునే బోటు వేరు. తక్కువకొస్తుందని వేట బోటెక్కితే ఏదైనా జరిగినప్పుడు మీరు ఆ బోటులో ఉండాల్సిన మనుషులే కాదు, ఇన్సూరెన్సూ గట్రా మర్చిపోండి. మేం మొదటిసారి చేసింది అదే తప్పు. ఎంతమందికి పర్మిషన్ ఉందో అడిగి, ఆ నంబరులో సిబ్బందిని కూడా కలిపి లెక్కేసుకోండి. లైఫ్ జాకెట్లు ఒడ్డు మీదే లెక్కపెట్టి, వేసుకుని, బకిల్ పెట్టి చూసుకోండి, 2019లో కచ్చులూరు దగ్గర గోదావరిలో టూరిస్టు బోటు మునిగి ఏం జరిగిందో మనకెవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. వైర్‌లెస్ సెట్ ఉందా, రెండో మోటారు ఉందా కూడా అడగండి, లోపలికెళ్ళాక ఫోన్ సిగ్నల్ ఉండదు. సిగ్నల్ ఉన్నంతవరకు కోస్ట్‌గార్డ్ నంబర్ 1554, మెరైన్ పోలీస్ 1093, రెండూ సేవ్ చేసుకోండి. అందరూ ఆధార్ కార్డు దగ్గర పెట్టుకోండి, ముంబై దాడుల తర్వాత సముద్రంలో చెకింగ్ మామూలైపోయింది. ఇంకో మాట, డ్రోన్ మాత్రం తేవద్దు! ఇది నేవీ ఊరు, హార్బర్ దగ్గర కెమెరా ఎటు తిప్పుతున్నారో కూడా చూసుకోవాలి.

డబ్బుల విషయానికొస్తే బోటు మొత్తానికి కడతాం, తలకింత అని కాదు, కాబట్టి ఆఖరి నిమిషంలో ఒకడు హ్యాండిచ్చినా మిగతావాళ్ళ మీద పడుతుంది. మావాడొకడికి ముందురోజు రాత్రి "అత్తగారికి ఒంట్లో బాలేదు" అయింది. అందుకే అందరి దగ్గరా ముందే వసూలు చేసేయండి, ఫ్రెండ్‌షిప్ కూడా బాగుంటుంది. రేటు ఎక్కువగా డీజిల్‌ని బట్టి, అంటే ఎంత దూరం వెళ్తామన్నదాన్ని బట్టే తేలుతుంది, రేటులో డీజిల్, రాడ్లు, ఎర, ఐసు కలిపేనా లేక వేరేనా అడగండి, పట్టిన చేప ఎవరిదో కూడా అడగండి, కొన్నిచోట్ల సగం బోటు వాళ్ళకి వెళ్తుంది. టైం బోటు కదిలినప్పటినుంచా, గేలం వేసినప్పటినుంచా అన్నది కూడా ముఖ్యమే, వెళ్ళిరావడానికే రెండు గంటలు పోతే నాలుగు గంటల ట్రిప్పులో ఇంకేం మిగిలింది.

మొదటిసారి రోజంతా ట్రిప్పు వద్దు, నా మాట వినండి. మేం రెండోసారి నాలుగున్నరకి బయల్దేరి పదిన్నరకి ఒడ్డున ఉన్నాం. పొద్దున్న నేల మీదనుంచి సముద్రంలోకి గాలి వీస్తుంది, నీరు నున్నగా ఉంటుంది, ఎండెక్కేకొద్దీ గాలి మళ్ళి సముద్రం నుంచి ఒడ్డుకి కొడుతుంది, అప్పుడు మొదలవుతుంది ఊపు. వాంతుల మాత్ర కక్కొచ్చాక వేసుకుంటే లాభం లేదు, ఎవోమిన్ లాంటిది ఒక గంటా రెండు గంటల ముందే వేసుకోవాలి, నిద్ర మత్తుగా ఉంటుంది, డ్రైవింగ్ చేసేవాడు వేరేగా ఉండాలి, బీపీ, షుగర్ లాంటివుంటే డాక్టర్ని అడిగి వేసుకోండి. రాత్రి మందు వద్దు. పొద్దున్న ఖాళీ కడుపు కూడా వద్దు, రెండు ఇడ్లీ చాలు, అల్లం చట్నీతో. తిప్పుతున్నట్టుంటే ఫోన్ చూడొద్దు, దూరంగా నీళ్ళూ ఆకాశం కలిసే గీత చూడాలి, డీజిల్ పొగ రాని చోట బోటు మధ్యలోనో వెనకో కూర్చోవాలి.

ఆ రోజు చీకట్లో డాల్ఫిన్స్ నోస్ కొండ మీద లైట్‌హౌస్ తిరుగుతుంటే, బయట లంగరేసిన ఓడల లైట్లు ఇంకో ఊరులా వెలుగుతుంటే, ఆ మధ్యలోంచి వెళ్ళాం. తాత దగ్గర జీపీఎస్ ఉంది కానీ తెల్లారాక దాన్ని చూడలేదు, వెనక్కి తిరిగి కొండలు చూశాడు. కైలాసగిరి ఇటేపు, డాల్ఫిన్స్ నోస్ అటేపు, ఆ రెండూ ఆయనకి కావలసినంత దూరంలో కనబడేదాకా పోనిచ్చి "ఇక్కడ కింద రాళ్ళున్నాయి, ఎయ్యండి" అన్నాడు. మీలాంటి కొత్తవాళ్ళకి ట్రోలింగే బెస్ట్, అంటే బోటు నెమ్మదిగా పోతుంటే వెనకాల ఉత్తుత్తి చేపలు కట్టిన దారాలు లాక్కుంటూ పోవడం, మనకి పనేం ఉండదు, పడ్డాకే పని. జిగ్గింగ్, అంటే బరువున్న ఉత్తుత్తి చేపని లోతుకి దింపి రాడ్‌తో పైకీ కిందకీ కుదుపుతూ ఉండటం, చేతులు పడిపోతాయి, యూట్యూబ్‌లో చూసినంత తేలిక కాదు. ఆరుగురుంటే ఆరు దారాలు ఒకేసారి వేయరు, ఒకదానికొకటి చిక్కుపడతాయి, వంతులేసుకోండి, మేం చీటీలు తీశాం.

నా వంతులో గంటసేపు ఏమీ లేదు. తర్వాత రీలు ఒక్కసారి కిర్ర్ర్ మని కూసింది, రాడ్ విల్లులా వంగింది, నేను ఆత్రంగా దారం చేత్తో పట్టుకోబోతే తాత నా మణికట్టు మీద ఒక్కటిచ్చాడు, "సెయ్యి తెగిపోద్ది!" దారం ఎప్పుడూ చేతికి చుట్టుకోవద్దు, దయచేసి. 2025 జూలైలో పూడిమడక దగ్గర గేలానికి పడ్డ కొమ్ముకోనం అనే పెద్ద చేప ఒక మత్స్యకారుణ్ణే సముద్రంలోకి లాగేసుకుంది, పుట్టినప్పటినుంచీ నీళ్ళ మీదున్న మనిషిని, ఇక మనమెంత. పది నిమిషాలు అది లాగితే వదులుతూ, ఆగితే చుడుతూ, నా మోచేతులు వణుకుతుండగా పైకొచ్చింది వంజరం, ఐదు కేజీలు ఉంటుంది, నీళ్ళలో వెండి పళ్ళెంలా తిరిగింది. పళ్ళు చూస్తే బ్లేడులే, అందుకే గేలం దగ్గర స్టీలు తీగ కడతారు. నోట్లోంచి గేలం తీసే పని సిబ్బందికే వదిలేయండి.

ఐసు బాక్సు మీదే తీసుకెళ్ళండి. ముఖ్యంగా తూర, అంటే టూనా పడితే, పట్టిన వెంటనే రక్తం తీసి ఐసులో పెట్టాలి, ఎండలో వదిలేస్తే అందులో హిస్టమిన్ తయారవుతుంది, ఎంత ఉడికించినా పోదు, తిన్నాక మొహం ఎర్రబడి దురదలు. తాబేలు కనబడితే మోటారు స్లో చేయమనండి, జనవరి నుంచి ఆలివ్ రిడ్లేలు గుడ్లు పెట్టడానికి ఇటు వస్తాయి, మాకొకటి కనబడింది, తలెత్తి మమ్మల్ని ఒకసారి చూసి, నచ్చనట్టు మునిగిపోయింది.

మరీ సీరియస్‌గా పెద్ద చేపలే కావాలి, ఫారిన్ వీడియోల్లో లాంటి సెటప్ కావాలి అంటే మాత్రం వైజాగ్ కాదు, అండమాన్ వెళ్ళండి, అక్కడ ఫిషింగ్ చార్టర్లు పద్ధతిగా నడుస్తాయి, పట్టి వదిలేసే రకం ఎక్కువ. ఖర్చు కూడా ఆ లెక్కలోనే ఉంటుంది. మొదటిసారే అంత పెట్టి వెళ్ళి రోజంతా కక్కుకుంటే బాధ కదా, ముందు ఇక్కడ సగం పూట వెళ్ళి మీలో ఎవరికి సముద్రం పడుతుందో చూసుకోండి.

చివరిగా మీ తేదీలు. భోగి, సంక్రాంతి, కనుమల్లో అడక్కండి, పండక్కి బోటు వాళ్ళూ ఇంటి దగ్గరే ఉంటారు, ఉన్నా ఆ పూట నడిపేవాడి మీద నాకు నమ్మకం లేదు. పండగ అయ్యాక ఆ ఆదివారమో, లేదా ఫిబ్రవరిలోనో పెట్టుకోండి, గాలి కూడా తగ్గుతుంది. ఏప్రిల్ దాకా సాగదీయకండి, 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. తేదీ ఒకటి అనుకుని, దాని పక్కనే ఇంకో ఆదివారం ఖాళీ పెట్టుకుని, అప్పుడు ఫోన్ చేయండి.