పెద్ద ఫాదర్‌తో కలిసి పనిచేస్తున్న తమ్ముడికి

ప్రియ సోదరా,

నీ ఉత్తరం అందింది. పూజలో లతీను (లాటిన్) గీతం పాడదామంటే మీ విచారణ (పారిష్) గురువు గారు, అంటే మీ పెద్ద ఫాదర్, ముఖం చిట్లిస్తున్నారని రాశావు. ఆయన ఏ కాలంలో ఎదిగారో ఒకసారి ఆలోచించు. మా చిన్నప్పుడు పూజంతా లతీనులోనే జరిగేది. గురువు బలిపీఠం వైపు తిరిగి ప్రార్థిస్తుంటే, వెనుక జనం తమ జపమాల తాము చెప్పుకునేవారు. 1962 నుంచి 1965 దాకా కతోలిక బిషప్పుల రెండవ వాటికన్ మహాసభ జరిగింది; ప్రజల భాషలో పూజకు అది దారి తెరిచింది. 1969లో కొత్త పూజాక్రమం వెలువడింది. మేము గురువిద్యాలయంలో ఉన్న రోజుల్లో ఆ మార్పు ఇంకా పచ్చిగానే ఉంది. దాన్ని ప్రజలకు నేర్పుతూ పెద్దల చేత మాటలు పడ్డాం. అక్షరం రాని అవ్వ తన భాషలో గురువుకు జవాబు చెప్పడం విని కళ్లు చెమర్చిన తరం మాది. నువ్వు ఎంత భక్తితో లతీను అందుకున్నా, తన జీవితకాలపు శ్రమను ఎవరో చెరిపేస్తున్నట్టే ఆయనకు తోస్తుంది.

నీ కోరికలో తప్పు లేదు. లతీనునూ, ఆ భాషలో పాడే పాతకాలపు గ్రెగోరియన్ గానాన్నీ నిలుపుకోవాలని ఆ మహాసభే చెప్పింది. ఆ సంగతి ఆయనతో భోజనాల బల్ల దగ్గర మాట్లాడు, ప్రసంగంలో వద్దు.

నాకు ఎక్కువ భయం జనం గురించే. అందరూ అందరికీ చుట్టాలైన విచారణ అది. "మీరు వచ్చాకే పూజ పూజలా ఉంది ఫాదర్" అని ఎవరైనా అన్నప్పుడు నువ్వు ఊరికే తల ఊపినా, సాయంత్రానికల్లా అది నీ మాటగా పెద్దాయన చెవిన పడుతుంది. ఆయన మీద ఫిర్యాదు తెస్తే "ఆయనతో చెప్పారా?" అని అడుగు, అంతకుమించి వినకు.

రోగులకు సత్ప్రసాదం (పూజలో ఆశీర్వదించిన అప్పం) తీసుకువెళ్లేటప్పుడు ఆయన వెంట నడువు. జ్ఞానస్నానాల రిజిస్టరులో పేర్లు దొరుకుతాయి గానీ, ఏ ఇంటివారు ఏ ఇంటితో ఎందుకు మాట్లాడరో ఆయనకే తెలుసు.

రెండు విషయాల్లో మాత్రం మొహమాటపడకు. ఒకటి డబ్బు. విచారణకు ఆర్థిక సంఘం ఉండి తీరాలని 1983 నాటి శ్రీసభ (కతోలిక చర్చి) చట్టం 537వ సూత్రం చెబుతోంది. లెక్కలు ఒకరి జ్ఞాపకంలో ఉంటే చాలదు. రెండోది పిల్లల భద్రత. "మా కాలంలో ఈ నియమాలు లేవు" అంటారు. లేకపోబట్టే ఎందరో పిల్లలు బలయ్యారు. ఈ రెండింట్లో ఆయన ససేమిరా అంటే బిషప్పు గారికి రాయి. రాస్తున్నట్టు ముందుగా ఆయనకే చెప్పు.

నీ సోదర గురువు