ఫ్లౌండర్ వేట: ఏ కాలంలో, ఎక్కడ

చిరంజీవికి ఆశీస్సులు.

రెండు కళ్లూ ఒకే పక్కన ఉండే చదునైన సముద్రపు చేప ఫ్లౌండర్ ఏ నెలలో బాగా పడుతుందని అడిగావు. అంతకంటే ముందు అది ఏ జాతి ఫ్లౌండరో తేల్చుకోవాలి. ఉత్తర అమెరికా అట్లాంటిక్ తీరంలోనే రెండు జాతుల రాకపోకలు పూర్తిగా ఎదురెదురుగా ఉంటాయి. వేసవి ఫ్లౌండర్ వసంతంలో నీళ్లు వేడెక్కుతుండగా అఖాతాల్లోకీ నదీముఖాల్లోకీ వచ్చి, శరదృతువులో లోతైన సముద్రానికి మళ్లి, అక్కడ గుడ్లు పెడుతుంది. శీతాకాలపు ఫ్లౌండర్ చలి ముదిరే వేళకు తీరం చేరి, గుడ్లు పెట్టి, ఎండలు వచ్చేసరికి చల్లని లోతులకు తప్పుకుంటుంది. మొదటిదానికి కళ్లు ఎడమ పక్కన, నోరు పెద్దది, పళ్లు పదునైనవి; దానికి చిన్న చేప ఎర కావాలి. రెండోదానికి కళ్లు కుడి పక్కన, నోరు చిన్నది. సన్నని గాలానికి సముద్రపు పురుగును గుచ్చితే చాలు.

రెండూ నేలను అంటిపెట్టుకునే చేపలే. ఇసుకను ఒంటి మీదికి ఎగజల్లుకుని, కళ్లు మాత్రమే పైకి పెట్టి, తమ మీదుగా పోయే ఆహారం కోసం కాచుకుంటాయి. అందుకే నీళ్లు కదిలే సమయమే వేటకు సమయం. పాటు తీస్తున్నప్పుడు, అంటే సముద్రపు నీరు వెనక్కి తగ్గుతున్నప్పుడు, చిన్న పాయలు పెద్ద కాలువలో కలిసే చోట, లోతు ఒక్కసారిగా దిగే అంచున, ఎరను నేల మీద మెల్లగా ఈడ్చు. వేసవి ఫ్లౌండర్ ఎరను ముందు పట్టుకుని, ఆ తరువాత మింగుతుంది. తాడు మీద చిన్న తాకిడి, వెంటనే తడిగుడ్డ చిక్కుకున్నంత బరువు తెలుస్తుంది. అప్పుడే లాగకుండా, బరువు నిలకడగా కదిలేదాకా ఆగి ఎత్తు.

అమెరికా దక్షిణ తీరాల్లో దొరికే మూడో జాతి, దక్షిణాది ఫ్లౌండర్ గురించి మాత్రం వివరంగా చెప్పాలి. శరదృతువులో తొలి చలిగాలులు వీచాక పెద్ద చేపలు గుంపులుగా సముద్రపు మొగల గుండా గుడ్లు పెట్టడానికి బయటికి పోతాయి. ఇరుకు దారిలో అన్నీ ఒకేసారి దొరుకుతాయి కాబట్టి అందరికీ ఆశ పుడుతుంది; నా మట్టుకు అప్పుడే చేయి ఆపుకోవాలి. ఈ జాతిలో ఆడవే పెద్దవిగా ఎదుగుతాయి గనుక నువ్వు మురిసిపోయే పెద్ద చేప దాదాపుగా రేపటి గుడ్ల తల్లే. పైగా పిల్లదశలో నీటి వేడి సుమారు 23 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటే ఆడ, మగ సమానంగా వస్తాయనీ, బాగా ఎక్కువైనా తక్కువైనా మగవే ఎక్కువవుతాయనీ పరిశోధనల్లో తేలింది. టెక్సాస్‌లో 2021 నుంచి నవంబరు 1 మొదలు డిసెంబరు 14 వరకు ఈ వేటను ఆపేస్తున్నారు. అది న్యాయమైన పని.

బయలుదేరే ముందు ఆ తీరంలో ఆ ఏటి కనీస పొడవు, రోజుకు అనుమతించే సంఖ్య చూసుకో, అవి మారుతుంటాయి. వదిలేయాల్సిన చేపను తడి చేతులతో పట్టుకుని, మొప్పల్లో వేలు పెట్టకుండా గాలం తీసి, నీటి మట్టం దగ్గరే విడిచిపెట్టు.

ఇట్లు,
నీ పెదనాన్న