క్రియాటినిన్ బాగుంటే చాలదా?

ప్రశ్న: ఏడాదిన్నర క్రితం మా అత్తగారు మా వారికి కిడ్నీ ఇచ్చారు. ఇప్పుడు కిడ్నీ పనితీరును చూపే క్రియాటినిన్ 1.2 దగ్గర నిలకడగా ఉంది. పోయినసారి చెకప్‌లో 36 ప్రశ్నల పత్రం ఇచ్చి, నీరసం, మెట్లు ఎక్కడం, పనిలో ఇబ్బందులు, నలుగురిలో కలవడం గురించి నింపమన్నారు. ఆయన అన్నింటికీ బాగుందనే టిక్కు పెట్టారు. నిజానికి ఆయన టైలర్. చేతులు వణికి సూదిలో దారం ఎక్కించలేకపోతున్నారు, రాత్రిళ్ళు నిద్ర ఉండడం లేదు. చెబితే మందులు మార్చేస్తారని, అమ్మ బాధపడుతుందని ఆయన భయం. ఆ జవాబులను డాక్టర్లు నిజంగా చూస్తారా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం జిల్లా

జవాబు: మీరు చెప్పిన వివరాలను బట్టి అది ఎస్ఎఫ్-36 అనే ప్రశ్నావళి అయి ఉండవచ్చు. అందులోని జవాబులను ఎనిమిది విభాగాలుగా లెక్కగట్టి, ఒక్కో విభాగానికి 0 నుంచి 100 వరకు మార్కు వేస్తారు. మార్కు పెరిగేకొద్దీ పరిస్థితి మెరుగని అర్థం. వైద్యుడికి ఆ అంకె కన్నా, డయాలసిస్ రోజుల్లో ఎంత ఉండేది, ఆరు నెలల కిందట ఎంత, ఇప్పుడెంత అన్న పోలికే ఎక్కువ ఉపయోగపడుతుంది. అన్నింటికీ బాగుందని టిక్కు పెడితే ఆ పోలికకు ఆధారమే మిగలదు.

ఆ పత్రంలో చేతుల వణుకు గురించి విడిగా ప్రశ్న ఉండదు. పనికి సంబంధించిన మార్కు తగ్గినట్టు కనిపిస్తే, ఎందుకు తగ్గిందని అడగడం వైద్యుడి వంతు. శరీరం కొత్త కిడ్నీని తిరస్కరించకుండా ఇచ్చే టాక్రోలిమస్ అనే మందు వాడేవారిలో వణుకు తరచుగా కనిపించేదే. ఉదయం మాత్ర వేసుకోకముందు రక్తంలో ఆ మందు స్థాయిని చూసి, ఎక్కువగా ఉంటే మోతాదు కొద్దిగా తగ్గించవచ్చు, లేదా రోజుకొకసారి వేసుకునే నిదానంగా విడుదలయ్యే రకానికి మార్చవచ్చు. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మందు నిద్రను చెడగొట్టగలదు కనుక దాన్ని ఉదయం వేసుకుంటున్నారో లేదో చూస్తారు. నీరసమైతే హిమోగ్లోబిన్, దిగులైతే తొమ్మిది ప్రశ్నల పీహెచ్‌క్యూ-9 పరీక్ష, విరేచనాలైతే, కిడ్నీని కాపాడేందుకే ఇచ్చే మరో మందు మైకోఫినోలేట్ మీద అనుమానం. ఇలా ఒక్కో జవాబు ఒక్కో దారి చూపిస్తుంది.

మందులు మార్చేస్తారన్న భయం అర్థం చేసుకోదగినదే. అయితే పత్రంలోని మార్కు ఒక్కటే చూసి ఎవరూ మోతాదు తగ్గించరు. రిజెక్షన్, అంటే శరీరం కొత్త కిడ్నీని తిరస్కరించే ప్రమాదాన్ని కూడా తూచిన తరువాతే నిర్ణయిస్తారు. కొంత వణుకు మిగిలే అవకాశమూ ఉంది. నన్ను ఎక్కువగా భయపెట్టేది మరొకటి: ఇబ్బందిని బయటపెట్టకుండా, మాత్రలు తామే అప్పుడప్పుడూ మానేసేవారు. కొత్త కిడ్నీ దెబ్బతినడానికి అదొక ముఖ్య కారణం.

ఆయన బాధ డాక్టరు పట్టించుకోవలసినంత పెద్దది కాదని అనుకోకండి. కిడ్నీ మార్పిడి పరిశోధనలన్నీ తప్పక కొలవవలసిన అంశాలేవో నిర్ణయించడానికి సాంగ్-టీఎక్స్ అనే అంతర్జాతీయ ప్రయత్నంలో రోగులు, కుటుంబీకులు, వైద్యులు కలిసి కూర్చున్నప్పుడు, కిడ్నీ పనితీరు, ఇన్‌ఫెక్షన్లు, క్యాన్సర్, గుండెజబ్బుల సరసన, ఉద్యోగం, కుటుంబం, నలుగురితో కలిసి మెలగడం వంటి రోజువారీ జీవితంలో పాలుపంచుకోగలగడాన్ని కూడా చేర్చారు. టైలర్‌కు సూదిలో దారం ఎక్కించడం అలాంటిదే.

ఇక, నిజంగా చూస్తారా అన్న మీ ప్రశ్న. రద్దీగా ఉండే ఓపీలో ఆ పత్రం చదవకుండానే ఫైల్లోకి వెళ్ళిపోయే రోజులు ఉంటాయి. అది వైద్యుల వైపు లోపమే. అయినా పత్రం ఆయనే నిజాయితీగా నింపాలి, మీరు ఆయన బదులు నింపకూడదు. ఆపైన గదిలోకి వెళ్ళగానే, వణుకు వల్ల కుట్టుపని సాగడం లేదని ఆయన నోటితోనే చెప్పాలి. మీ అత్తగారు ఎదుట ఉంటే చెప్పలేనంటే, ఒంటరిగా మాట్లాడాలని అడగవచ్చు. అన్నట్టు, ఏటా బీపీ, మూత్రంలో ప్రొటీన్, క్రియాటినిన్ పరీక్షలు ఆవిడకూ అవసరం.

ఈలోగా మాత్ర వేసుకున్న ఎంతసేపటికి వణుకు పెరుగుతోందో కొన్ని రోజులు రాసి పెట్టండి. మోతాదు మీరే మార్చవద్దు. నిద్ర కోసం మందుల షాపులో మాత్రలు గానీ, నాటు మందులు గానీ ఆయన వైద్యుణ్ణి అడగకుండా వాడవద్దు, వాటిలో కొన్ని టాక్రోలిమస్ స్థాయిని మార్చేయగలవు.