మూడో కిలోవాట్ దండగ మాస్టారూ, ముందు ఫ్యాన్లు మార్చండి

ప్రశ్న: రిటైరైన టీచర్ని. కావలిలో సొంతిల్లు. ఎండాకాలం నెలకు 360 యూనిట్లు, చలికాలం 200 దాకా కాలుతుంది. పర్యావరణానికి మంచిదని మా అమ్మాయి సోలార్ పెట్టించమంటోంది. 2 కిలోవాట్లకు లక్షా 40 వేలు, 3 కిలోవాట్లకు 2 లక్షలు అన్నారు. అమ్మేవాళ్లు 3 పెట్టించుకోమంటున్నారు. ఎఫ్‌డీ తీసేయనా, లోన్ పెట్టనా?

జవాబు: అమ్మాయి మాటలో తప్పు లేదు మాస్టారూ. మన జిల్లాలోనే నేలటూరులో బొగ్గు కాల్చి కరెంటు తీస్తున్నారు. కాకపోతే సోలార్ కంటే ముందు చూడాల్సింది మీ కరెంటు బిల్లు.

మన రాష్ట్రంలో ఇళ్లకు మొదటి 30 యూనిట్లు 1.90 రూపాయలు, 75 దాకా 3, 125 దాకా 4.50, 225 దాకా 6, ఆపైన 400 దాకా 8.75. ఫిక్స్‌డ్ ఛార్జీ, సర్దుబాటు ఛార్జీలు వేరే. అంటే ఎండాకాలంలో మీరు ఒక యూనిట్ తగ్గిస్తే, తగ్గేది 1.90 రూపాయల యూనిట్ కాదు, 8.75 రూపాయల యూనిట్.

అందుకే మొదట ఫ్యాన్లు. పాత ఫ్యాన్ 75 వాట్లు లాగుతుంది, తక్కువ కరెంటుతో తిరిగే మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 దగ్గర ఆగుతుంది. రోజుకు 12 గంటలు తిరిగే ఫ్యాన్లు మూడు మారిస్తే నెలకు 48 యూనిట్లు, ఎండాకాలం లెక్కన 420 రూపాయలు మిగులుతాయి. మూడింటికీ 9 వేల దాకా అవుతుంది. ఇంత తొందరగా తిరిగొచ్చే పెట్టుబడి నాకైతే ఇంకోటి కనపడదు. ఏసీ ఉంటే 26 మీద పెట్టి ఫ్యాన్ వేసుకోండి. ఒక్కో డిగ్రీ పెంచితే 6 శాతం దాకా కరెంటు ఆదా అని కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ బీఈఈ చెబుతోంది. రోహిణి కార్తెలో కష్టమే, తెలుసు.

ఫ్యాన్లు మారాక ఎండాకాలం వాడకం 310కి దిగుతుంది. 2 కిలోవాట్ల ప్యానెళ్లు నెలకు సుమారు 240 యూనిట్లు ఇస్తాయి. ఇంకా మీరు డబ్బు కట్టాల్సిన 70 యూనిట్లూ తక్కువ రేటు స్లాబువే, అన్నీ కలిపి 177 రూపాయలు. చలికాలంలో అవి కూడా మిగలవు.

ఇప్పుడు మూడో కిలోవాట్ సంగతి. ప్రధానమంత్రి సూర్యఘర్ పథకంలో 2 కిలోవాట్లకు 60 వేలు, 3 కిలోవాట్లకు 78 వేలు సబ్సిడీ. అది పోగా మీకు ఒకటి 80 వేలు, రెండోది లక్షా 22 వేలు పడుతుంది. తేడా 42 వేలు. ఆ డబ్బు పోసి మీరు ఆదా చేసేది ఎండాకాలంలో ఆ 177 రూపాయలే. మీరు వాడగా మిగిలి లైన్లోకి వెళ్లే యూనిట్లకు డిస్కం, అంటే కరెంటు సరఫరా కంపెనీ, ఇచ్చే రేటు మీరు కట్టే పై స్లాబు రేటుకు ఎక్కడా సరితూగదు. అదే 42 వేలు ఎఫ్‌డీలో 7 శాతానికి ఉన్నా నెలకు 245 వస్తుంది. పైన ఇంకో వాటా కట్టి రెండో ఏసీ పెట్టే ఆలోచన ఉంటే అప్పుడు 3 తీసుకోండి.

2 కిలోవాట్లతో ఎండాకాలం నెలకు 1,580, చలికాలం 800 దాకా తగ్గుతుంది. పెట్టింది రావడానికి ఆరేళ్లు, కాస్త అటూ ఇటూ.

ఎఫ్‌డీ ఒకట్రెండు నెలల్లో మెచ్యూర్ అయ్యేదైతే ఆగి అదే వాడండి. లేకపోతే మధ్యలో తెంచి పెనాల్టీ కట్టొద్దు, రిటైరయ్యాక చేతిలో డబ్బు ఉండటం ముఖ్యం. ఈ పథకానికి ప్రభుత్వ బ్యాంకులు తాకట్టు లేకుండా తక్కువ వడ్డీకి లోన్ ఇస్తున్నాయి. పది శాతం మీరు పెట్టుకుని మిగతాది లోన్ తీసుకోండి. సబ్సిడీ ముందు రాదు, ప్యానెళ్లు బిగించి తనిఖీ అయ్యాక మీ ఖాతాలో పడుతుంది. పడిన రోజే ఆ 60 వేలూ లోన్‌కు జమ చేయండి. మిగిలే 66 వేలకు 6.5 శాతం వడ్డీ అనుకుంటే, ఆరేళ్ల ఈఎంఐ 1,110 దాకా. బిల్లులో తగ్గేది దాన్ని మోస్తుంది.

సంతకం పెట్టే ముందు రెండు అడగండి. ప్యానెళ్లు దేశంలో తయారైన సెల్స్‌తో చేసినవేనా? కాకపోతే సబ్సిడీ రాదు. స్టాండుకు గాల్వనైజింగ్, అంటే తుప్పు పట్టకుండా వేసే జింకు పూత, గట్టిగా ఉందా? మీకు సముద్రపు ఉప్పుగాలి ఉంది కదా.

ఇంకోటి, ఇది చాలామందికి బిగించాకే తెలుస్తోంది. లైన్లో కరెంటు పోతే ఈ సోలార్ కూడా ఆగిపోతుంది, ఎండ మండిపోతున్నా సరే. తుఫాను రోజుల కోసం మీ పాత ఇన్వర్టర్, బ్యాటరీ అలాగే ఉంచుకోండి. ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేయమంటారు, ఇవ్వకండి.